స్థానబలిమి

మేడ్చల్ మీదుగా నాగపూరు రహదారి పోతుంది. దానికి కాస్త ఎడంగా సికింద్రాబాదు - మన్మాడు రైలు మార్గం. రెండూ ఉత్తరంగా సాగి నిజామాబాదు వైపుకే పోతాయి. ఈ దారిన ఇన్నేళ్ళుగా ఎందరు పోయి ఉంటారో, ఎందరు వచ్చి ఉంటారో! గల్ఫు విమానం ఎక్కడానికి పెట్టె సర్దుకుని వచ్చేవాళ్ళు, సెలవుకి తిరిగి పోయేవాళ్ళు, పసుపు అమ్ముకునేవాళ్ళు. పరాయి గడ్డ మీద బతుకుతెరువు వెతుక్కోవడం ఆ జిల్లాకి కొత్త సంగతి కాదు. 2022 మే నెలలో ఒక సాయంత్రం ఇస్తాంబుల్‌లో నిజామాబాదు అమ్మాయి ప్రపంచ విజేత అయిందన్న వార్త విన్నప్పుడు నాకు మొదట తోచింది ఈ రోడ్డే. ఆ తరువాత తోచింది వేమన మొసలి పద్యం.

ఆ పద్యాన్ని ఇక్కడ ఎత్తి రాయనక్కరలేదు, మీ అందరికీ నోటికి వచ్చినదే. నీటిలో ఉన్న బలం వేరు, ఒడ్డున ఉన్న బలం వేరు అన్న సంగతికి మన భాషలో 'స్థానబలిమి' అన్న చక్కటి మాట స్థిరపడిపోయింది. క్రికెట్టు వ్యాఖ్యాతలు 'హోమ్ అడ్వాంటేజ్' అని నోరు నొప్పి పుట్టేటట్లు అంటూ ఉంటారు గానీ, ఇంత పొందికైన మాట మన దగ్గర ఉండగా ఆ అరువు ఎందుకో నాకు తెలియదు.

అయితే మొసలి కథలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ తీర్పరి లేడు. ఏనుగు ఒడ్డుకి వచ్చిందా, నీట మునిగిందా అన్నది చూసేవాళ్ళందరికీ తెలుస్తుంది. మనుషుల పోటీలో అలా కాదు. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, కబడ్డీ వల్ల తెలిసింది.

పదో తరగతి చదివే రోజుల్లో మా మేడ్చల్ పిల్లలం ఏడుగురం సైకిళ్ళ మీద శామీర్‌పేట పెద్దచెరువు అవతల ఒక ఊరికి సంక్రాంతి పోటీలకు వెళ్ళాం. (అప్పట్లో ఇదంతా రంగారెడ్డి జిల్లా. మేడ్చల్ పేరుతో జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో.) ఆ ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ నాకు అక్కడ చుట్టాలున్నారు. ఆట చివరి నిమిషంలో నేను కూతకు వెళ్ళి ఒకణ్ణి తాకి గీత అందుకున్నాను. అందుకున్నాననే నా నమ్మకం. రిఫరీ ఆ ఊరి మనిషే. ఆయన ఒక క్షణం నా చేతివైపు చూశాడు. ఇంకో క్షణం గీత వెంబడి నిలబడ్డ జనం వైపు చూశాడు. అప్పుడు ఈల ఊదాడు. ఆ రెండో చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన దొంగ అని నేను అనను. జనం కేక వేస్తే కన్ను కూడా జనంతో పాటు చూస్తుంది. అంతే.

ఆ రెండో చూపు కోసమే నేను ముష్టియుద్ధ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఏ ఆటలోనూ లేనంతగా బాక్సింగ్‌లో ఆ చూపు మీదే బతుకులు ఆధారపడి ఉంటాయి.

బాక్సింగ్‌లో స్థానబలిమి అనగానే పాతకాలం రచయితలు తప్పకుండా తలుచుకునే పేరు ఒకటుంది. బ్యాట్లింగ్ సికీ. అసలు పేరు లూయీ ఫాల్. ఫ్రెంచి వలసగా ఉన్న సెనెగల్‌లో సెయింట్ లూయీ పట్టణంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడాడు. 1922 సెప్టెంబరు 24న పారిస్‌లో అతనికీ, ఫ్రాన్సు మొత్తం నెత్తిన పెట్టుకున్న జార్జ్ కార్పెంటియెకీ లైట్ హెవీవెయిట్ ప్రపంచ పట్టం కోసం పోటీ జరిగింది. ఆరో రౌండులో కార్పెంటియె కూలిపోయాడు. అయితే రిఫరీ వెంటనే సికీ కాలు అడ్డం పెట్టాడని చెప్పి, పడిపోయినవాడే గెలిచాడని ప్రకటించాడు.

ఇక్కడ జరిగినది ఊహకు అందనిది. తమ బిడ్డడికి అనుకూలంగా వచ్చిన ఆ తీర్పును పారిస్ జనమే ఒప్పుకోలేదు. వేలమంది కదలకుండా నిలబడి కేకలు వేశారు. న్యాయనిర్ణేతలు మళ్ళీ కూడబలుక్కుని తీర్పు తిరగవేశారు. స్థానబలిమి చరిత్రలో జనం తమ బలిమిని తామే వదులుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మొదటిది నా లెక్కలో ఇదే.

సికీ ఆ పట్టాన్ని ఆరు నెలలు కూడా నిలుపుకోలేదు. లండనులో జో బెకెట్‌తో జరగవలసిన అతని పోటీని బ్రిటిషు హోంశాఖ అడ్డుకుంది. నల్లవాడు తెల్లవాణ్ణి బహిరంగంగా కొట్టే దృశ్యం వలసరాజ్యాల్లో ఎలాంటి ఆలోచనలు పుట్టిస్తుందో అన్న బెంగ వారిది. ఆ వలసరాజ్యాల్లో మనదీ ఒకటని గుర్తు చేసుకోండి. దారులు మూసుకుపోతున్న సికీ చివరికి డబ్లిన్‌లో పోటీకి ఒప్పుకున్నాడు. ఎదురుగా ఐరిష్‌వాడైన మైక్ మెక్‌టీగ్. తేదీ 1923 మార్చి 17, అంటే సెయింట్ పాట్రిక్ పండుగ రోజు. ఊళ్ళో అంతర్యుద్ధం నడుస్తున్నది, పోటీ జరిగే థియేటరు దగ్గర పేలుడు కూడా జరిగింది. ఐర్లండులో, ఐరిష్‌వాడితో, ఐర్లండు జాతీయ పర్వదినాన ఇరవై రౌండ్లు పోరాడి పాయింట్ల మీద నెగ్గుకు రావచ్చునని అనుకున్న ఆ మనిషి అమాయకత్వాన్ని తలుచుకుని బాక్సింగ్ రచయితలు నూరేళ్ళుగా నవ్వుతున్నారు. పాయింట్ల మీద ఓడిపోయాడు, నిజమే. కానీ నాకు నవ్వు రాదు. ఇంకెక్కడికి పోగలడు అతను? 1925 డిసెంబరులో న్యూయార్కు వీధిలో ఎవరో కాల్చి చంపారు.

వృత్తి బాక్సింగ్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే మిగిలినది బోధపడదు. ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో వేదిక ముందే నిర్ణయమై ఉంటుంది, ఎవరికి ఎవరు ఎదురుపడతారో చీటీ తేలుస్తుంది, అయిదుగురు న్యాయనిర్ణేతలు ఉంటారు. వృత్తి బాక్సింగ్‌లో ఇవేవీ ఇలా ఉండవు. ఎవరితో, ఎక్కడ, ఎంతకు అన్నదంతా బేరం. పట్టం ఉన్నవాడు, లేదా ఎక్కువ టిక్కెట్లు అమ్మగలవాడు తన ఊరికి రమ్మంటాడు. వచ్చేవాడికి డబ్బు ముడుతుంది, ఆ డబ్బులో అతని అసౌకర్యం ధర కూడా కలిసి ఉంటుంది. బరి చుట్టూ కూర్చునేది సాధారణంగా ముగ్గురు న్యాయనిర్ణేతలు. రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది, కింద పడితే ఎనిమిది. అయితే చాలా రౌండ్లలో ఎవరూ కింద పడరు. ఇద్దరూ కొట్టుకుంటారు, ఇద్దరూ తప్పుకుంటారు. అలాంటి రౌండు ఎవరిది? ఆ తొమ్మిదికీ పదికీ మధ్య ఉన్న ఒక్క అంకెలోనే నా కబడ్డీ రిఫరీ రెండో చూపు దూరుతుంది.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. బామర్, నెవిల్, లేన్ అనే ముగ్గురు బ్రిటిషు పరిశోధకులు యూరోపియన్ ఛాంపియన్‌షిప్ పోటీల ఫలితాలను తిరగేసి 2005లో ఒక వ్యాసం ప్రచురించారు. ఇద్దరు బాక్సర్లూ సమాన సమర్థులే అనుకుంటే, పోటీ నాకౌటుతో ముగిసినప్పుడు సొంతగడ్డవాడు గెలిచే అవకాశం నూటికి 57. రిఫరీ మధ్యలో ఆపిన పోటీల్లో 66. న్యాయనిర్ణేతల పాయింట్ల దాకా పోయినప్పుడు 74. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. పిడికిలి తేల్చిన చోట సొంతగడ్డకు ఉన్న మొగ్గు కొద్దిదే. మనిషి చూపు తేల్చే పాలు పెరిగిన కొద్దీ ఆ మొగ్గు పెరుగుతూ పోయింది. తన వంట, తన పడక, తన గాలి ఇచ్చే బలం మొదటి అంకెలోనే ఉంది. మిగిలినదంతా కళ్ళది.

"పరాయి ఊళ్ళో గెలవాలంటే పడగొట్టాలి" అని బాక్సర్లు తరతరాలుగా చెప్పుకునే మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

అయితే 'సొంతగడ్డ' అంటే ఏమిటి? ఇది కనిపించినంత తేలిక ప్రశ్న కాదు. 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్, జాక్ జాన్సన్ తలపడ్డారు. బర్న్స్ కెనడావాడు, జాన్సన్ అమెరికావాడు. ఆస్ట్రేలియా ఇద్దరికీ పరాయిదే. కానీ బర్న్స్ తెల్లవాడు, చూడవచ్చిన జనమూ తెల్లవారే. అతనికి ముప్పై వేల డాలర్లు, జాన్సన్‌కు అయిదు వేలు. పోటీని ఏర్పాటు చేసిన హ్యూ మెకింటాష్ తానే రిఫరీగా కూడా నిలబడ్డాడు! పెళ్ళికొడుకు తండ్రే పురోహితుడన్నమాట. అయినా పద్నాలుగో రౌండులో పోలీసులు అడ్డుపడి ఆపవలసి వచ్చేటంతగా జాన్సన్ కొట్టాడు. తీర్పు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఇది తిరగబడింది. ఆలీ, ఫోర్‌మన్ ఇద్దరూ అమెరికా నల్లవారే. ఇద్దరికీ చెరి యాభై లక్షల డాలర్లు జైర్ అధ్యక్షుడు మొబూటు ఖజానా నుంచే. ఆఫ్రికా ఇద్దరికీ సమానమే కావాలి. కానీ ఫోర్‌మన్ తన జర్మన్ షెపర్డ్ కుక్కతో విమానం దిగాడు. బెల్జియం పాలనలో పోలీసులు అలాంటి కుక్కలనే జనం మీదికి వదిలేవారని అతనికి తెలియదు పాపం. ఆలీ మాత్రం వచ్చిన నాటినుంచీ వీధుల్లో తిరిగాడు, పిల్లలతో మాట్లాడాడు, జనం నోట తన పేరు పాటగా మారేలా చేసుకున్నాడు. ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్ నేలకొరిగాడు. ఆలీ గెలిచింది జనం వల్ల కాదు, తాళ్ళకు ఆనుకుని దెబ్బలు కాచుకునే ఓర్పు వల్ల. ఆ ఓర్పుకు కేకలు ఆసరా అయ్యాయో లేదో ఆయనకే తెలియాలి. కానీ సొంతగడ్డను కొన్ని వారాల్లో తయారుచేసుకోవచ్చునని నిరూపించినవాడు ఆయనే.

గామా పహిల్వాన్ కథ బాక్సింగ్ కాదు, కుస్తీ. అయినా వదలబుద్ధి కావడం లేదు. 1910 సెప్టెంబరులో లండనులో పోలండు మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కో, గామాకు దొరక్కుండా చాప మీద బోర్లా పడుకుని రెండున్నర గంటలకు పైగా గడిపేశాడు. ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్ళీ పెట్టుకున్న పోటీకి జ్బిస్కో రానేలేదు. పద్దెనిమిదేళ్ళకు, 1928లో, పటియాలా మహారాజు ఇద్దరినీ మళ్ళీ కలిపాడు. ఈసారి చాప లేదు, మన మట్టి గోదా. ఒక్క నిమిషం కూడా పట్టలేదు గామాకు. లండనులో రెండున్నర గంటలు, పటియాలాలో ఒక నిమిషం! ఇక్కడ న్యాయనిర్ణేతల చూపుతో పనేమీ లేదు, ఇది అచ్చంగా మొసలి - నీరు కథ. మట్టి తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా. బాక్సింగ్ బరి మాత్రం ఎక్కడైనా నాలుగు పక్కల తాళ్ళూ, కాన్వాసు గుడ్డే. అందువల్లే అక్కడ స్థానబలిమి మట్టిలో గాక మనుషుల్లో వెతకవలసి వస్తుంది.

చూపు ఎంత దూరం పోగలదో తెలియాలంటే 1988 సియోల్ ఒలింపిక్స్ చూడాలి. అమెరికా కుర్రవాడు రాయ్ జోన్స్ ఫైనల్లో కొరియావాడైన పార్క్ సీ హున్‌కు 86 దెబ్బలు తగిలించాడని, పార్క్ అతనికి తగిలించినవి 32 అనీ లెక్క తేలింది. తీర్పు 3-2 తేడాతో పార్క్ పక్షాన వచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని మాత్రం జోన్స్‌కే ఇచ్చారు. ఓడిపోయినవాడికి ఉత్తముడని బహుమతి! ఆ గందరగోళం తరువాతనే దెబ్బలను మీటలు నొక్కి కంప్యూటరుతో లెక్కపెట్టే పద్ధతి వచ్చింది, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో అదే వాడారు. దాని లోపాలు దానికున్నాయి. 2013 నుంచి పది పాయింట్ల పద్ధతికి వచ్చారు.

కథ అక్కడితో ఆగలేదు. 2023లో పార్క్ తన పతకం పట్టుకుని సముద్రాలు దాటి ఫ్లోరిడాలోని పెన్సకోలాకు, జోన్స్ సొంత ఊరికి, వెళ్ళాడు. ఇది నీదే అని అతని చేతికి ఇచ్చాడు. ముప్పై అయిదేళ్ళ తరువాత! ఆ పార్క్ ఏ తప్పూ చేయలేదని గమనించండి. అతను బరిలో నిలబడ్డాడు, అంతే. తన చేయి ఎవరో పైకెత్తారు. స్థానబలిమి వల్ల గెలిచినవాడు దాన్ని ఎంతకాలం మోస్తాడో ఎవరూ లెక్కపెట్టరు.

మన దేశంలో వృత్తి బాక్సింగ్‌ను మళ్ళీ జనంలోకి తెచ్చినవాడు విజేందర్ సింగ్. 2015 అక్టోబరులో మాంచెస్టరులో మొదలుపెట్టి, మొదటి ఆరు పోటీలూ పరాయి దేశాల్లోనే ఆడాడు. ఆరూ గెలిచాడు, ఆరింటిలో ఒక్కటి కూడా న్యాయనిర్ణేతల దాకా పోలేదు. ఏడోది 2016 జులై 16న ఢిల్లీ త్యాగరాజ స్టేడియంలో, కెరీ హోప్‌తో. సొంత జనం ముందు ఆడిన తొలి పోటీలోనే తొలిసారిగా పది రౌండ్లూ ఆడి పాయింట్ల మీద నెగ్గాడు. ఒక్క పోటీని పట్టుకుని సిద్ధాంతాలు కట్టకూడదని నాకు తెలుసు. హోప్ ముదురు బాక్సరు, ముందరి ఆరుగురికంటే గట్టివాడు. ఆ తీర్పు న్యాయమైనదే, మూడు కార్డుల్లోనూ తేడా స్పష్టంగా ఉంది.

మరుసటి ఏడు ఆగస్టు 5న ముంబయిలో చైనావాడు జుల్పికర్ మైమైతియాలీతో జరిగినది అలా కాదు. 96-93, 95-94, 95-94. రెండు కార్డుల్లో ఒక్క అంకె తేడా. డోక్లాంలో రెండు దేశాల సైన్యాలూ ఎదురుబొదురుగా నిలబడి ఉన్న రోజులవి. ముంబయి జనం కేకలు ఎలా ఉండి ఉంటాయో నేను చెప్పనక్కరలేదు. గెలిచిన విజేందర్ మైకు అందుకుని, సరిహద్దులో ఉద్రిక్తత నాకు ఇష్టం లేదు, ఈ పట్టాన్ని అతనికే తిరిగి ఇచ్చేస్తాను అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. దాన్ని కొందరు నాటకమన్నారు, కొందరు ఉదారత అన్నారు. ఒక్క అంకె తేడాతో సొంతగడ్డ మీద గెలిచినవాడి మనసులో ఇంకేదో కూడా ఉండి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. నా ఊహే సుమా.

అతని మొదటి ఓటమి కూడా స్వదేశంలోనే. 2021 మార్చిలో గోవాలో, మాండవి నదిలో నిలిపిన జూదనౌక పైకప్పు మీద వేసిన బరిలో, రష్యావాడు ఆర్తిష్ లోప్సాన్ అయిదో రౌండులో ఆట ముగించాడు. నీటిలో మొసలి బలం మాట అబద్ధమని కాదు గానీ, వేమన ఉండి ఉంటే ఓ చిరునవ్వు నవ్వేవాడు.

ఇక నిజామాబాదు.

నిఖత్ జరీన్ 1996 జూన్‌లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ ఫుట్‌బాలూ క్రికెట్టూ ఆడిన మనిషి, చాలా ఏళ్ళు సౌదీలో అమ్మకాల ఉద్యోగం చేసి, పిల్లల కోసం తిరిగి వచ్చాడు. పరాయి గడ్డ మీద కుస్తీ పట్టడమంటే ఏమిటో ఆ ఇంట్లో బాక్సింగ్ రాకముందే తెలుసన్నమాట. మొదట పరుగు పందెాలు, తరువాత శంసముద్దీన్ దగ్గర బాక్సింగ్. ఆయన కుమారుడు హుసాముద్దీన్ కూడా బాక్సరే, 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు తెచ్చాడు. నిఖత్ 2009లో విశాఖపట్నం క్రీడా ప్రాధికార శిక్షణ కేంద్రానికి, ద్రోణాచార్య వెంకటేశ్వరరావు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం. నిజామాబాదు పిల్లకు విశాఖ పరాయిది కాదు, విశాఖ గురువుకు నిజామాబాదు పరాయిది కాదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో తెలిసినవారికి తెలుస్తుంది.

2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ పోటీల ఫైనల్. ఎదురుగా ఉన్నది ఉల్కూ దెమీర్ అనే టర్కీ అమ్మాయి. అంటే ఆతిథేయి. మన పిల్లకు ఇంకా పదిహేను నిండలేదు. కంప్యూటరు లెక్కల కాలమది, 27-16తో నెగ్గింది. మెక్‌టీగ్ ఊళ్ళో సికీకి దక్కనిది అంటాల్యాలో ఈ అమ్మాయికి దక్కింది. పదకొండు పాయింట్ల తేడాను ఏ కేకలూ కప్పలేవు.

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అంటారు. నిఖత్ విషయంలో సామెత తలకిందులయింది. రచ్చ ముందే గెలిచింది, ఇల్లే గెలవవలసి వచ్చింది. భుజానికి గాయమై 2017లో చాలాకాలం బరికి దూరమైంది. తిరిగి వచ్చి 2019లో సోఫియాలో స్ట్రాంజా పోటీల్లో స్వర్ణం గెలిచింది. కానీ టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపాలన్న మాట వినవచ్చింది. ఆరుసార్లు ప్రపంచ విజేత ఆమె. నిఖత్ అక్టోబరులో క్రీడల మంత్రి కిరెన్ రిజిజూకు బహిరంగంగా ఉత్తరం రాసింది. అడిగినది ఒక్కటే, నాతో ఒకసారి పోటీ పెట్టండి అని. ఆ మాట అన్నందుకు ఎన్ని మాటలు పడిందో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. గెలిచాక చేయి కలపలేదు.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇక్కడ స్థానబలిమి ఎవరిది? ఇద్దరూ ఈ దేశం బిడ్డలే. ఒకరు మణిపురి, ఒకరు తెలంగాణ. ఢిల్లీ ఇద్దరికీ దూరమే. కానీ పేరు కూడా ఒక గడ్డే. ఇరవై ఏళ్ళపాటు ఒక్కో ఇటుకా పేర్చి కట్టుకున్న పేరు మీద నిలబడినవారికి, కొత్తగా వచ్చినవారు ఎప్పుడూ పరాయివారే. మేరీ కోమ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆమె కూడా ఒకప్పుడు ఇలాగే తలుపులు తట్టినది. ఆ రోజు ఆమె బాగా ఆడిందనే చూసినవారు రాశారు. నిఖత్ అడిగినదీ గెలుపు కాదు, బరి. అది దక్కింది. దక్కిన బరిలో ఓడిపోయింది. ఓడిపోయాక మళ్ళీ విదేశాలకే పోయింది.

2022 ఫిబ్రవరిలో సోఫియాలో టోక్యో రజత విజేత, టర్కీకి చెందిన బూసె నాజ్ చాకిరోలును 4-1తో ఓడించి స్వర్ణం దాకా వెళ్ళింది. మే నెలలో ఇస్తాంబుల్. మెక్సికో, మంగోలియా, ఇంగ్లండు, బ్రెజిల్, చివరికి మే 19న థాయిలాండుకు చెందిన జిత్‌పాంగ్ జుతామాస్. అయిదు పోటీల్లోనూ 5-0. అంటే ఒక్క న్యాయనిర్ణేత కూడా, ఒక్కసారి కూడా, ఎదుటివారి పక్షాన రాయలేదు. పరాయి ఊళ్ళో పడగొట్టాలన్న పాత సూత్రానికి ఇది రెండో దారి. పడగొట్టకపోయినా సరే, రెండో చూపుకు చోటు లేకుండా చేయడం.

మరుసటి ఏడు ప్రపంచ పోటీలు ఢిల్లీకే వచ్చాయి. సొంతగడ్డ అంటే ఇదీ! కొన్ని దేశాలు రష్యా వ్యవహారం మీద అలిగి రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. బరువు 50 కిలోలకు మార్చుకున్న నిఖత్‌కు సీడింగు లేదు, ఆరు పోటీలు ఆడవలసి వచ్చింది. మార్చి 26న వియత్నాంకు చెందిన ఎన్గుయెన్ తి తామ్‌ను 5-0తో ఓడించి రెండోసారి విజేత అయింది. మనవాళ్ళకు మొత్తం నాలుగు స్వర్ణాలు. పత్రికలన్నీ పండుగ చేసుకున్నాయి, నేనూ చేసుకున్నాను.

అయితే ఆ ఆరింటిలో ఒకటి నా కంట్లో నలుసులా మిగిలింది. క్వార్టర్ ఫైనల్లో థాయిలాండుకు చెందిన చుతామత్ రక్సత్ మీద తీర్పు ఏకగ్రీవం కాదు. పునఃపరిశీలన దాకా పోయి 5-2తో మన పక్షాన వచ్చింది. ఆరు నెలల తరువాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మళ్ళీ అదే ఇద్దరూ. ఈసారి 3-2తో రక్సత్ గెలిచింది, నిఖత్‌కు కాంస్యం. ఢిల్లీ ఒకరికి సొంత ఊరు, హాంగ్‌జౌ ఇద్దరికీ పరాయిది. ఇద్దరి మధ్యా ఉన్నది వెంట్రుకవాసి తేడా అని రెండు తీర్పులూ కలిపి చెబుతున్నాయి. అభిమానిగా నాకు మొదటి తీర్పు సరైనదనీ, రెండోది అన్యాయమనీ అనిపించింది. అలా అనిపించిన మరుక్షణం సంక్రాంతినాడు గీత వెంబడి నిలబడి కేకలు వేసిన ఆ ఊరి జనం ముఖాలు గుర్తుకువచ్చాయి. వాళ్ళకీ అచ్చంగా ఇలాగే అనిపించి ఉంటుంది కదా!

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీకే చైనాకు చెందిన వు యు ఎదురుపడి 5-0తో ఓడించింది. ఆ వు యు చివరికి స్వర్ణం గెలిచింది. అక్కడ వాదించడానికి ఏమీ లేదు.

హకీంపేట క్రీడా పాఠశాల మీదుగా కరీంనగరు రోడ్డున శామీర్‌పేటకు పోయేటప్పుడు, తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. ఏయే జిల్లాలనుంచో వచ్చిన పిల్లలు, పదేళ్ళకే ఇల్లు వదిలిపెట్టి వచ్చినవారు. వాళ్ళకు అన్ని ఊళ్ళూ పరాయి ఊళ్ళే కాబోలు.

మొన్న దసరాకు ఆ చెరువవతలి ఊరికి చుట్టాలింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు ఆ రిఫరీ. బాగా ముసలివాడయ్యాడు. నన్ను పోల్చుకోలేదు, ఎవరి కొడుకునో చెబితే పోల్చుకున్నాడు. పార్క్ సీ హున్ సంగతి అప్పుడే చదివి ఉన్నానేమో, మనసు ఆగక అడిగేశాను. "తాతా, ఆ సంక్రాంతి ఆట యాదికున్నదా? నా చెయ్యి గీతకు తాకిందా, తాకలేదా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. చుట్ట పక్కన పెట్టాడు.

"తాకలే బిడ్డా," అన్నాడు. "జానెడు దూరముండె."